కండలేరు కాలువను జూన్‌లోనే సిద్ధం చేయాలి

సంపాదకుడు గారికి,

పెద్ద ఆనకట్టలకు కాలం చెల్లింది, చెరువులు బాగుచేసుకుంటే చాలు అనే వాదన చెన్నైలో గట్టిగా వినబడుతోంది. చెరువులు బాగుపడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఏదో ఒకటి చాలనుకునే వెసులుబాటు ఈ ఊరికి లేదు. ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి మనకు కృష్ణా నీళ్లు తెచ్చే కాలువా కావాలి.

మన తాగునీటి చెరువులు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నిండు కుండల్లా ఉన్నా నాలుగూ కలిసి పట్టేది 11.25 టీఎంసీలే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పైగా నాలుగింటికీ దిక్కు ఈశాన్య ఋతుపవనమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన మొహం చాటేస్తే అన్నీ ఒకేసారి ఎండుతాయి. 2018 చివర్లో అదే జరిగింది. 2019 జూన్ నాటికి వాటిలో మిగిలింది బురదే. కృష్ణకు నీళ్లు వచ్చేది పశ్చిమ కనుమల్లో, నైరుతి వానలకు. ఆ ఏడాది ఆగస్టులో శ్రీశైలం నిండింది, సెప్టెంబరు చివరికల్లా ఊత్తుకోట దగ్గరి జీరో పాయింటుకు, అంటే కాలువ తమిళనాడులో అడుగుపెట్టే చోటుకు, కృష్ణా నీళ్లు చేరాయి. ఒక ఋతుపవనం దెబ్బతీసిన చోట రెండోది ఆదుకోవాలంటే మధ్యలో నీటిని పట్టి ఉంచే పెద్ద జలాశయాలు ఉండాలి. కండలేరు ఒక్కటే 68 టీఎంసీలు పడుతుంది, అంటే మన నాలుగు చెరువులకు ఆరింతలు.

2019 జులైలో జోలార్‌పేట నుంచి చెన్నైకి రైళ్లలో నీళ్లు తెచ్చారు. ఒక్కో రైలుకు 50 వ్యాగన్లు, సుమారు 25 లక్షల లీటర్లు. కండలేరు కాలువలో 1000 క్యూసెక్కులు (సెకనుకు వెయ్యి ఘనపుటడుగులు) పారితే అన్ని నీళ్లు రావడానికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. రైలు తెచ్చినవారిని తప్పుపట్టడం లేదు, అప్పుడు అంతకన్నా దారి లేదు. జలాశయం, కాలువ చేసే పని ఎంత పెద్దదో ఈ లెక్కతో తెలుస్తుంది.

కృష్ణా నీళ్లను చెన్నైకి తెచ్చే ఈ తెలుగుగంగ పథకానికి పునాది 1976 ఒప్పందం. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు మద్రాసుకు వదులుకున్నాయి. దారిలో ఆవిరికి, ఇంకుడుకు 3 పోగా సరిహద్దుకు 12 చేరాలి. శ్రీశైలంలో పోతిరెడ్డిపాడు తూము దాటిన నీళ్లు వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా వస్తాయి. కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి పూండికి మరో 25. 1996లో తొలిసారి ఆ నీళ్లు పూండి చేరాయి. దారి పొడవునా రాయలసీమ, నెల్లూరు జిల్లాల్లో 5.75 లక్షల ఎకరాలకు సాగునీరు ఇవ్వాల్సిందీ ఇదే పథకం. శ్రీశైలంలో కుడి గట్టున 770, ఎడమ గట్టున 900 మెగావాట్ల కరెంటు కేంద్రాలున్నాయి. తాగునీరు, సాగు, కరెంటు మూడూ ఒకే నిల్వ మీద నడుస్తున్నాయి.

మరి 12 టీఎంసీలూ ఎందుకు అందడం లేదు? ఒప్పందం ప్రకారం జులై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4 రావాలి. మొదటి విడత 123 రోజులు. సరిహద్దు దగ్గర రోజూ సగటున 750 క్యూసెక్కులు పారితేనే ఆ 8 పూర్తవుతుంది. సగమే పారితే సగమే వస్తుంది, తర్వాత పూడ్చుకునే వీలుండదు. ఎందుకంటే నవంబరులో ఇక్కడ వానలు దిగగానే 3.23 టీఎంసీల పూండి నిండిపోతుంది, కండలేరు తూము మూయించాలి. మూయించకపోతే మన కోసం అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లు కుశస్థలి నదిలో పడి ఎన్నూరు దగ్గర సముద్రం పాలవుతాయి. శ్రీశైలం నిండేది మామూలుగా ఆగస్టులో. కాబట్టి జులైలో మనకు దక్కేది కండలేరులో పోయిన ఏడాది మిగిల్చిన నీరే. ఆ నిల్వ ఎంత ఉంచాలన్నది రెండు రాష్ట్రాలూ ఏప్రిల్‌లోనే కూర్చుని తేల్చుకోవాలి. చెరువులు అడుగంటాక ఉత్తరాలు రాస్తే లాభం లేదు.

ఇక కాలువ. సిమెంటు లైనింగు పలకలు ఊడిపోవడానికి నీటి ఉరవడి ఒక్కటే కారణం అనుకుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం నీటిని ఉన్నట్టుండి తగ్గించడం. కాలువ నిండుగా పారినన్నాళ్లూ పలక వెనక మట్టి నీళ్లు తాగి ఉంటుంది. తూము ఒక్కసారిగా దించితే ముందు నీరు పోతుంది, వెనక నీరు పోదు, ఆ ఒత్తిడికి పలక లోపలికి తోసుకొస్తుంది. ఆ నీరు దిగిపోవడానికే లైనింగులో రంధ్రాలు వదులుతారు, అవి ఒండ్రుతో పూడుకుపోతే కట్టిన ప్రయోజనం పోయినట్టే. ఒక పలక జారిన చోట గట్టు కోసుకుపోయి పక్క పలకలూ జారతాయి. అందుకని విడుదలను రోజుకు కొంచెం చొప్పున తగ్గించాలి, మే-జూన్‌లో కాలువ ఎండిన వారాల్లోనే ఒండ్రు తీసి, రంధ్రాలు పొడిచి, పలకలు మార్చాలి. నీళ్లు వదిలాక ఆ పని కుదరదు. కాలువ ఖర్చులో తమిళనాడు తన వాటా డబ్బు పని మొదలయ్యే ముందే చెల్లించాలి.

గేట్ల సంగతీ అంతే. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి జలాశయంలో నీళ్లు కళ్లముందే పోయాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆనకట్టలే వద్దనడానికి కొందరు ఈ ఉదాహరణలే చూపుతారు. గొలుసులు, తాళ్లు, రబ్బరు సీళ్లు, డీజిల్ జనరేటర్లు వానలకు ముందే పరీక్షించి తీరాలని నేను వీటినే చూపుతాను.

శ్రీశైలం ముంపులో ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్నవారి వారసులు, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న ప్రభుత్వ ఉత్తర్వు జీవో 98 కింద ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. మన కుళాయి నీళ్లలో వాళ్ల త్యాగం ఉంది. వాళ్ల బాకీ తీరకుండా లాభాల లెక్క పూర్తి కాదు.

చివరగా మీకో విన్నపం. కండలేరు దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారు, జీరో పాయింటు దగ్గర ఎన్ని అందాయి, ఈ రెండు అంకెలూ జులై నుంచి రోజూ పక్కపక్కన ప్రచురించండి. తేడా పెరిగిన రోజున 152 కిలోమీటర్లలో ఎక్కడ పోతోందని రెండు ప్రభుత్వాలనూ చెన్నై తెలుగువారు పేరుపెట్టి అడగగలరు.

ఇట్లు,
విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు,
పెరంబూరు, చెన్నై