పద్మరాజు గారి వెండితెర పుటలు ఏవీ?

సంపాదకునికి,

పాలగుమ్మి పద్మరాజు గారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికలు ‘గాలివాన’ దగ్గరే ఆగిపోతున్నాయి. 1952 ప్రపంచ కథల పోటీలో ఆ కథకు రెండో బహుమతి రావడం తెలుగువారికి గర్వకారణమే, కాదనను. కానీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పుకొనే మాస్టారు మద్రాసు వెళ్లి సినిమాలకు రాసిన కాలాన్ని ఏదో పక్కదారి పట్టినట్టు చెప్పడం అన్యాయం.

ఆయన మాటలు రాసిన బి.ఎన్.రెడ్డి సినిమా ‘బంగారు పాప’నే చూడండి. మూలం జార్జ్ ఇలియట్ రాసిన ఇంగ్లీషు నవల ‘సైలస్ మార్నర్’. ఇంగ్లండు పల్లెలోని ఆ ఒంటరి నేతగాడు తెలుగు తెరపై ఎస్వీ రంగారావు కోటయ్యగా మారిపోతే, అది పరాయి కథ అని ఎవరికైనా అనిపించిందా? నవలలో పుటలకొద్దీ సాగే మనసులోని మాటను తెరపై ఒక చూపుతోనో, రెండు ముక్కల సంభాషణతోనో చెప్పాలి. ‘నల్లరేగడి’ లాంటి నవల రాసిన చేయి ఆ పొదుపు నేర్చుకోవడం చిన్న విషయమా? (రసాయనశాస్త్రంలో తూకాలు అలవాటైనందువల్లనేమో!) ఆ తర్వాత ‘రంగులరాట్నం’కూ ఆయనే మాటలు రాశారు.

ఆయన కథలు, నవలలు పుస్తకాలుగా చదువుకున్నాం. సినిమా రచనలు మాత్రం నా వంటి పాఠకుడి చేతికి ఇంతవరకు అందలేదు. ఆ ప్రతులు ఎవరి దగ్గరైనా ఉంటే, కనీసం కొన్ని సన్నివేశాలనైనా మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించగలరా?

— ఒక పాఠకుడు, భీమవరం