వేషాల దగ్గర ఫొటోగ్రాఫర్‌ని ఉండనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పార్కుల్లో ఎలుగుబంటి, కుందేలు వేషాలు వేసుకుని పిల్లలకు షేక్‌హ్యాండ్ ఇచ్చేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల దగ్గర ఫొటో తీసే మనిషిని తీసేసి, ఒక గుంజకు కెమెరా బిగించి వదిలేసే పద్ధతి మా చెన్నై వైపు కూడా వచ్చేసింది. నగరానికి కాస్త దూరంలో ఉన్న ఒక పార్కులో ఈ వేసవి సెలవుల్లో చూశాను. పేరు రాయను, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్క పార్కుతో కాదు, ఇవాళ అక్కడ పెట్టింది రేపు అన్నిచోట్లా పెడతారు. నీళ్ల ట్యాంకర్ల గురించీ మెట్రో తవ్వకాల గురించీ ఉత్తరాలు వేసే చోట ఇదేం గోల అని పక్కన పడేయకుండా చదవండి.

ఇది ఇక్కడ పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో ఫ్లోరిడాలో 1971లో తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది, మిక్కీ మౌస్, రాకుమార్తెలు లాంటి పాత్రల్ని పిల్లలు కలవడానికి అక్కడ ప్రత్యేకంగా చోట్లు ఉంటాయి, గంటల తరబడి క్యూలో నిలబడి మరీ కలుస్తారు. ఆ చోట్లలో కంపెనీ ఫొటోగ్రాఫర్లు ఉంటారు. వాళ్లు తీసినవన్నీ మన పేరు మీద ఒకచోట చేరి, తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకుని కొనుక్కునే ఏర్పాటు ఉంది, దాని పేరు ఫొటోపాస్. 2019 ప్రాంతంలో అక్కడే కొన్ని పాత్రల దగ్గర ఫొటోగ్రాఫర్ బదులు ఆటోమేటిక్ కెమెరా పెట్టెలు పెట్టి చూశారు. వెళ్లొచ్చినవాళ్లు గట్టిగానే మొత్తుకున్నారు: ఫొటోలు బోలెడు వచ్చాయి గానీ ఒకదాంట్లో వీపు, ఇంకోదాంట్లో పక్కకు తిరిగిన మొహం, వెలుతురు సరిపోలేదు, పిల్ల మిక్కీని కావలించుకున్న క్షణం ఎక్కడా లేదు అని. అంత డబ్బూ అంత అనుభవమూ ఉన్నవాళ్లు పెట్టిన పెట్టెల మీదే అన్ని మాటలు పడ్డాయంటే, మన దగ్గర గుంజకి కట్టిన కెమెరా సంగతి చెప్పక్కర్లేదు.

ఫొటోగ్రాఫర్ అంటే బటన్ నొక్కేవాడని పార్కువాళ్లు లెక్కేసుకున్నట్టున్నారు. బటన్ నొక్కడం ఆ పనిలో ఆఖరి ముక్క. అంతకుముందు జరిగేది చూడండి. పిల్ల వేషం దగ్గరికి వస్తుంది, దాని సైజు చూసి భయపడి అమ్మ చున్నీ వెనక దాక్కుంటుంది. పని తెలిసిన ఫొటోగ్రాఫర్ అప్పుడు కెమెరా ఎత్తడు. మోకాళ్ల మీద కూర్చుని పిల్ల కళ్ల ఎత్తుకి దిగుతాడు, ఎందుకంటే పైనుంచి తీస్తే చిన్నపిల్లలందరూ తల పెద్దగా కాళ్లు పొట్టిగా పడతారు. జేబులోంచి గిలక్కాయో, నొక్కితే కీచుమనే బొమ్మో తీస్తాడు. ముందు తమిళంలో 'ఇంగే పారు కణ్ణా' అంటాడు, పిల్ల తెల్లమొహం వేస్తే వెంటనే భాష మార్చి 'ఇటు చూడమ్మా బంగారూ' అంటాడు (చెన్నైలో ఈ పని చేసేవాళ్లకి నాలుగు భాషల్లో పిల్లల్ని నవ్వించడం వచ్చు, ఏ కాలేజీలోనూ చెప్పని చదువు అది). తాతగారిని అరడుగు ముందుకు జరుపుతాడు, అమ్మ భుజానికున్న హ్యాండ్‌బ్యాగ్ పక్కన పెట్టమంటాడు, నాన్న కళ్లజోడు మీద ఫ్లాష్ మెరుస్తుంటే గడ్డం కొంచెం దించమంటాడు. ఇంత చేసి అప్పుడు కూడా నొక్కడు. పిల్ల మెల్లగా చెయ్యి చాపి ఆ బొచ్చు చేతిని ముట్టుకుని, ఏమీ కాలేదని తెలుసుకుని తలెత్తి చూస్తుంది చూడండి, దానికోసం కాచుకుంటాడు.

గుంజ మీది కెమెరా కాచుకోదు. కొన్ని సెకన్లకోసారి క్లిక్‌మంటుంది, అంతే. మనిషి నిమిషానికి పదిహేను ఇరవై సార్లు కళ్లార్పుతాడు, ఆరుగురు ఉన్న కుటుంబంలో ఆ క్లిక్‌కి అందరి కళ్లూ తెరిచి ఉండాలంటే దేవుడు కరుణించాలి. పైగా అది ఒకే ఎత్తులో ఉంటుంది. చక్రాల కుర్చీలో వచ్చిన అవ్వకీ, ఆరడుగుల అల్లుడికీ, చంకలో పాపకీ ఒకటే ఫ్రేమ్.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ వేషం లోపలున్న మనిషికి సరిగా కనపడదు. నోటి దగ్గర జాలీలోంచో, కళ్ల దగ్గర పెట్టిన చిన్న కన్నాల్లోంచో ఎదుటి ప్రపంచాన్ని చూస్తూ ఉంటాడు, కిందికి చూస్తే ఆ పెద్ద తల అడ్డం, తన పాదాలే తనకి కనపడవు, పాదాల దగ్గర నిలబడ్డ మూడేళ్ల పిల్ల అసలే కనపడదు. మాట్లాడకూడదు కూడా, నోరు తెరిస్తే వేషం పోయినట్టే. మే నెల చెన్నై ఉక్కలో స్పాంజీకీ బొచ్చుగుడ్డకీ మధ్య ఆ మనిషి ఎలా ఉంటాడో ఊహించుకోండి. 'కుడిపక్కన పాప ఉంది, కొంచెం వంగన్నా' అని చెప్పేది ఎదురుగా నిలబడ్డ ఫొటోగ్రాఫరే, లోపలున్నవాడు తూలుతున్నాడని మొదట కనిపెట్టేదీ అతనే. తోడుగా ఇంకో మనిషిని పెట్టే పార్కులు లేకపోలేదు, కానీ ఆ మనిషి క్యూ చూసుకోవాలి, తోపులాట ఆపాలి, ఏడ్చే పిల్లని దాటించాలి. ఫొటోగ్రాఫర్ని తీసేశాక ఇదంతా కలిపి ఒకడి నెత్తిన పడింది.

నేను చూసింది చెబుతాను. నెల్లూరు నుంచి మా చెల్లెలి పిల్లలు వచ్చారు, అందరం కలిసి వెళ్లాం. క్యూ పొడుగ్గా ఉంది, ఎండ, మా మరిదిగారు ముందు నుంచే విసుక్కుంటున్నారు. మా వంతు రాగానే అక్కడున్న అబ్బాయి గీత చూపించి 'అక్కడ నిలబడండి, ఫొటోలు వాటంతటవే పడతాయి' అన్నాడు. ఎక్కడ చూడాలి అని అడిగితే గుంజ వైపు చెయ్యి ఊపాడు. చెల్లెలి కూతురికి ఐదేళ్లు, అది గుంజని చూడదు కదా, ఎలుగుబంటినే చూస్తుంది. ఎలుగుబంటేమో నిటారుగా గుంజనే చూస్తోంది, కెమెరాకి మొహం చూపించాలని చెప్పి ఉంటారు పాపం. ఇది దాని చెయ్యి లాగుతుంది, అది వంగదు. ఇంతలో టైము అయిపోయిందని పక్కకి పంపేశారు. 'పెద్దమ్మా, ఎలుగుబంటి నన్ను చూడనేలేదు' అంది చిన్నది. తర్వాత కౌంటర్లో స్క్రీన్ మీద వరసగా చూపించారు, అన్నిట్లోనూ మా వీపులూ పక్క మొహాలే, పైగా వాటిని ప్యాకేజీగానే కొనాలట, విడిగా ఒకటి ఇవ్వరట. కొనలేదు. మా మరిదిగారు ఫోన్ తీసి మీరే ఒకటి తియ్యండి బాబూ అంటే ఆ అబ్బాయి చుట్టూ చూసి 'రూల్ లేదు సార్' అన్నాడు. అతని మీద నాకేం కోపం లేదు, అతనికి అప్పటికే చేతినిండా పని.

మిషన్ అంటేనే పనికిరాదని నేననను. రోలర్ కోస్టర్ కిందికి దూకే చోట సెన్సర్ పెట్టి కెమెరా బిగిస్తారు, అక్కడ మనిషిని నిలబెట్టడం కుదరదు, పెట్టినా అంత కచ్చితంగా తీయలేడు. అరుస్తూ జుట్టు రేగిన ఆ మొహాలు చూసుకుని నవ్వుకోవడం ఎవరికి ఇష్టముండదు? అలాగే నాణెం వేస్తే తనంతట తాను ఫొటో తీసే బూత్ కొత్తదేమీ కాదు, న్యూయార్క్‌లో అనాటోల్ జోసెఫో అనే ఆయన 1925 నాటికే ఫొటోమాటన్ అని తయారుచేశాడు, పావు డాలరుకి ఎనిమిది ఫొటోలు. జనం దానికి ఎగబడ్డారు. కానీ అందులోకి వెళ్లేవాడు తెర వేసుకుని, కెమెరా ఎదురుగా కూర్చుని, తన మొహం తానే సర్దుకుంటాడు. అక్కడ కలవాల్సిన రెండో మనిషి లేడు. వేషం దగ్గరికి వెళ్లే పిల్ల ఫొటో కోసం వెళ్లదు, ఎలుగుబంటి కోసం వెళ్తుంది. కెమెరా వైపు చూడాలన్న జ్ఞాపకమే దానికి ఉండదు, ఉండకూడదు కూడా.

టెక్నాలజీ పెరిగింది కదా, నవ్వు కనిపెట్టి తీసే కెమెరాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, సోనీ వాళ్లు 2007లోనే నవ్వితే దానంతటదే క్లిక్‌మనే కెమెరాలు అమ్మారు. కానీ పిల్లల దగ్గర నవ్వొక్కటే ఫొటో కాదు. భయం, ఆశ్చర్యం, నోరు తెరిచి నిలబడిపోవడం, ఇవి ఇంట్లో గోడకి తగిలించుకునే ఫొటోలు. మా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వీజీపీ పార్కులో దశాబ్దాలుగా పేరుపడ్డ శిలామనిషి ఉన్నాడు చూడండి, రాజుగారి కాపలావాడిలా కదలక మెదలక నిలబడతాడు, ఎదురుగా ఎవరెన్ని కోతివేషాలు వేసినా నవ్వడు. ఆయన ముందు నవ్వు కెమెరా పెడితే సాయంత్రం దాకా ఒక్క ఫొటో పడదు. అయినా మద్రాసులో పెరిగిన ఎన్ని ఇళ్లల్లో ఆయన పక్కన నిలబడ్డ ఫొటో లేదు చెప్పండి! ఆ ఫొటోల్లో నవ్వుతున్నది మనం, ఆయన కాదు, ఆ సంగతి తెలిసి ఫ్రేమ్ పెట్టింది మాత్రం ఎవరో ఒక మనిషి.

మెరీనా సంగతే తీసుకోండి. ఇసకలో సినిమా హీరోల కటౌట్లు నిలబెట్టి, పక్కన నిలబడితే ఫొటో తీసి అక్కడికక్కడే ప్రింటు వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. కటౌట్ అట్టముక్క, దానికి ప్రాణం లేదు. కానీ ఆ ఫొటోగ్రాఫర్ 'హీరో భుజం మీద చెయ్యేసినట్టు పెట్టు తంబీ, ఇంకొంచెం స్టైల్‌గా' అని దగ్గరుండి నిలబెడతాడు, అందుకే ఆ ఫొటోలో అట్టముక్క కూడా మనవాడితో కబుర్లాడుతున్నట్టు ఉంటుంది. ప్రాణమున్న మనిషిని వేషంలో పెట్టి, ఎదురుగా గుంజ పెడితే మనిషే కటౌట్ అయిపోతున్నాడు. ప్రింటర్ బ్యాటరీ మోసుకుంటూ ఇసకలో తిరిగే వాళ్లకి ఉన్నపాటి ఇంగితం కోట్లు పెట్టి పార్కు కట్టినవాళ్లకి లేకపోవడం నాకు వింతగా ఉంది.

జీతాల మాట కూడా ఉంది. ఈ పార్కుల్లో ఫొటోలు తీసేవాళ్లలో శని, ఆదివారాలు పనిచేసే విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదివే పిల్లలూ ఉంటారు, పెళ్లిళ్ల సీజన్ లేనప్పుడు వచ్చి చేరే ఫొటోగ్రాఫర్లూ ఉంటారు. కాంట్రాక్టు మీదో, అమ్ముడైన ఫొటోల మీద కమిషన్‌కో పనిచేస్తారు. వాళ్లని తీసేస్తే అడిగే దిక్కుండదు, యూనియన్ ఉండదు. ఖర్చు తగ్గిందని సంతోషించే యాజమాన్యం ప్యాకేజీ ధర ఏమైనా తగ్గించిందా అంటే నేను అడిగిన కౌంటర్లో అయితే లేదు.

పిల్లల మొహాలు ఎవరి కంప్యూటర్లో చేరుతున్నాయన్న ప్రశ్న ఒకటి మిగిలింది. మన ఫోన్లో సెల్ఫీ దిగి పంపితే, ఆ రోజు కెమెరాలన్నీ తీసిన వాటిలోంచి మన మొహం ఉన్నవి వెతికి పంపే పద్ధతులు వచ్చేశాయి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి నిజమైనదేనని నిర్ధారించుకోవాలి. మనిషి కెమెరా పట్టుకుని ఎదురుగా ఉంటే 'మా పాపకి వద్దండీ' అని చెయ్యి అడ్డం పెట్టొచ్చు. గుంజకి ఎవరు చెబుతారు? నేను వెళ్లిన చోట ఫొటోలు ఎన్నాళ్లు దాస్తారు, కొనకపోతే చెరిపేస్తారా అన్నది ఏ బోర్డు మీదా రాసి లేదు.

పార్కువాళ్లు కెమెరాలు పీకేయాలని అడగడం లేదు. రైడ్ల దగ్గర, గేటు దగ్గర, ఫౌంటెన్ల దగ్గర ఎన్నైనా పెట్టుకోండి. పిల్లలు వేషాన్ని కలిసే చోట మాత్రం కెమెరా పట్టుకున్న మనిషిని ఉంచండి. అదీ కుదరదంటే అక్కడున్న స్టాఫ్ మా ఫోన్లో ఒక ఫొటో తీసిపెట్టడానికి రూల్ మార్చండి, దానికి పైసా ఖర్చు లేదు. ఫొటో నచ్చితే ఒక్కటైనా విడిగా కొనుక్కోనివ్వండి.

ఈ మాటలే ఆ పార్కు ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను. జవాబుగా 'మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అందుకే మీకు రాస్తున్నాను. మీ పాఠకుల్లో స్కూలు పిల్లల్ని టూర్లకి తీసుకెళ్లే టీచర్లు చాలామంది ఉంటారు, బస్సుల లెక్కన టికెట్లు తీసుకునేవాళ్లు అడిగితే యాజమాన్యం వింటుంది, మా లాంటి విడి కుటుంబాల మాట వినకపోయినా. దసరా సెలవుల బుకింగ్‌కి ఫోన్ చేసేటప్పుడు, భోజనం ఎంత, బస్సు పార్కింగ్ ఎక్కడ అని అడిగే వరసలోనే, వేషాల దగ్గర ఫొటోకి మనిషి ఉంటాడా అని కూడా ఒక ముక్క అడగమని మీ పత్రిక ద్వారా వాళ్లకి నా మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై