పెరటి మూల సంగతి

అమ్మలూ,

మొన్న వీడియో కాల్‌లో పెరటి మూల చూసి "అదేంటి నాన్నా, అడవిలా! ఎవరినైనా పిలిచి కొట్టించొచ్చుగా" అన్నావు. మనుషులు దొరక్క కాదు. ఏడాదిగా కావాలనే దాని జోలికి పోవడం లేదు. పాములొస్తాయని మీ అమ్మ భయం. అందులో తప్పు లేదు కాబట్టి నడిచే దారి పక్క గడ్డి మాత్రం నేనే కోసేస్తున్నాను.

ఎందుకో చెప్తాను. ఇంగ్లండ్‌లో నెప్ అని 3,500 ఎకరాల ఎస్టేట్ ఉంది. బంకమట్టి నేల, సాగంతా నష్టమే. 2001 నుంచి చార్లీ బరెల్ దంపతులు మెల్లగా దున్నడం మానేసి ఆవులు, గుర్రాలు, పందులు, జింకలను వదిలిపెట్టారు. ఆ తర్వాత ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం! ఒక దశలో తిసిల్ అనే ముళ్లమొక్క పొలాలన్నీ కమ్మేసింది. చుట్టుపక్కల వాళ్ల సణుగుడు సరేసరి. 2009లో వలస వచ్చిన పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకలు ఆ ముళ్లమొక్కల మీదే గుడ్లు పెట్టాయి. గొంగళిపురుగులు వాటిని నమిలి పారేశాయి.

అన్నిచోట్లా ఇలాగే అవుతుందనుకోకు. నెదర్లాండ్స్‌లోని ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే అభయారణ్యంలోనూ పశువులను, గుర్రాలను, జింకలను వదిలారు. చుట్టూ కంచె. వేటాడే జంతువు లేదు, మేత కోసం బయటికి పోయే దారీ లేదు. 2017-18 చలికాలంలో 3 వేలకు పైగా చచ్చిపోయాయి. బక్కచిక్కి ఇక బతకవనుకున్నవాటిని సిబ్బందే కాల్చేశారు. కంచె ఉంచుకుని అడవి అని పేరు పెడితే ఎలా?

మన మూలకు వస్తాను. గోడ మీద ఓ కందిరీగ మట్టి కుండ కడుతోంది. ఉసిరికాయంత కూడా లేదు. తడిమట్టి ఉండ తెచ్చి, అంచు చుట్టూ కాళ్లతో పరిచి, మళ్లీ ఎగిరిపోతుంది. కుండ అయ్యాక లోపల గుడ్డు పెట్టింది. కుట్టి కదలకుండా చేసిన పచ్చ గొంగళిపురుగులను ఒక్కొక్కటే మోసుకొచ్చి మూతిలోంచి లోపలికి నెట్టింది. పుట్టబోయే పిల్లకు మేత. చివరికి మూతి మూసేసి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కాఫీ చల్లారిపోయినా తెలియలేదు నాకు.

నీకు నాలుగేళ్లప్పుడు గొంగళిపురుగును అరచేతిలో పెట్టుకుని చూపించడానికి పరుగెత్తుకొచ్చావు. "ఛీ, పారెయ్" అని చెయ్యి కడిగించాను. ఆ తర్వాత నువ్వెప్పుడూ పురుగును పట్టుకోలేదు. గుర్తుందో లేదో నీకు, నాకైతే ఈమధ్య తరచూ గుర్తొస్తోంది.

సెలవులకు కాస్త ముందే రా. కుండకు ఇంకా చిల్లు పడలేదు. మీ అమ్మ దులపడానికి చీపురు పట్టుకుని తిరుగుతోంది, నేను గోడ దగ్గర కుర్చీ వేసుకున్నాను.

నాన్న