2024–25 వార్షిక నివేదిక: ఆరోగ్య సమాచారం ఫోన్ లేని ఇంటికీ చేరాలి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మిగతా పనులు కొంత తగ్గించుకుని ఒక్క విషయం మీదే ఎక్కువ శ్రమ పెట్టాం. ఆరోగ్యం గురించి ప్రభుత్వం చెప్పే మాటల్లో చాలా భాగం ఇప్పుడు వెబ్‌సైట్లలో, యాప్‌లలో ఉంటోంది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న వృద్ధులకు, జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లకు అవి అందడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంటికి ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటే అది అమ్మ చేతిలో ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఓటీపీ. ఆభా, అంటే ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా, దాని 14 అంకెల నంబరు తీయాలన్నా, ఆసుపత్రి కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ చీటీ తీసుకోవాలన్నా ఫోన్ కావాలి. మన ఇళ్లలో ఆధార్‌కు ఇచ్చిన నంబరు చాలాసార్లు వలస వెళ్లిన కొడుకుది. ఇక్కడ తల్లి లైన్లో నిలబడితే ఓటీపీ హైదరాబాద్‌లో మోగుతుంది. అతను డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఆమె టెన్షన్ చెప్పనలవి కాదు. ఆభా తప్పనిసరి కాదు, అది లేదని వైద్యం ఆపకూడదు. ఈ సంగతి తెలియక వెనక్కి వచ్చేసినవాళ్లు మనలో ఉన్నారు. అందుకే ఆదివారాలు మన కుర్రాళ్లు ఇళ్లకు వెళ్లి, ఎవరి ఆధార్‌కు ఏ నంబరు ఉందో చూసి, మార్చాల్సినవాళ్లను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లారు. కష్టపడి చేశారు, వాళ్లకు సభ తరఫున కృతజ్ఞతలు.

పాల కేంద్రం పక్క గోడకు నల్లబోర్డు పెట్టించాం. డయాలసిస్ కేంద్రాల వివరాలు, 104, 108 నంబర్లు, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి ఎలా వెళ్లాలో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తున్నాం. ఒక మాట మాత్రం ఎప్పుడూ చెరపం: నడుం నొప్పికని షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగొద్దు, అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. రోజంతా కూర్చుని జీడిగింజలు కొట్టేవాళ్లకు దీనికంటే అవసరమైన సమాచారం ఇంకోటి లేదు. చదవలేనివాళ్ల కోసం ఆశా కార్యకర్త సాయంత్రం మైకులో చదివి వినిపిస్తున్నారు.

మందస కొండల మీది సవర గిరిజనుల గూడేలకు వెళ్లినప్పుడు కొన్నిచోట్ల సిగ్నలే దొరకలేదు. అక్కడ తెలుగు బోర్డు కూడా సరిపోదు, సవర మాటల్లో చెప్పేవాళ్లు కావాలి. ఈ పని ఇంకా మొదలుపెట్టాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు, టవర్లు పోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. నీళ్లు మరిగించి తాగమని చెప్పాల్సిన సమయమే అది. అందుకని బ్యాటరీతో పనిచేసే చేతి మైకు కొని సంఘం గదిలో ఉంచాం.

మొక్కల పంపిణీ, కంటి పరీక్షల శిబిరం యథావిధిగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

అధికారులకు ఇచ్చిన వినతిపత్రంలో రెండే కోరాం: ప్రతి ఆరోగ్య ప్రకటనా గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అతికించాలి, ఫోన్ లేనివాళ్లకు ఓపీ దగ్గర వేరే వరస ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవాళ్లు కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే నమోదు చేసుకుంటేనే కోవిడ్ టీకా అన్నారు. ఇంటర్నెట్ లేనివాళ్ల సంగతేమిటని సుప్రీంకోర్టు అడిగింది. జూన్ 21 నుంచి నేరుగా ఏ టీకా కేంద్రానికి వెళ్లినా వేశారు. అడిగితే నిబంధన మారుతుంది. వినతిపత్రం మీద ఇంకా సంతకం చేయని సభ్యులు ఈరోజే చేయాలని కోరుతున్నాను.

కార్యదర్శి