మన కాలనీ సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వెళ్లిన రెండు వారాలకు సర్వసభ్య సమావేశం పెట్టుకున్నాం. నిబంధనావళి ప్రకారం ఏడాది పనుల నివేదిక కార్యదర్శి సమర్పించాలి కనుక ఇది మీ ముందు పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈసారి నివేదికలో సగానికి పైగా వరద వచ్చిన సెప్టెంబరు నెల సంగతులే ఉంటాయి. మిగతా నెలల్లో పని జరగలేదని కాదు. ఆ రోజుల్లో మన కాలనీ వాళ్లు ఏం చేశారో ఇప్పుడు రాసి పెట్టుకోకపోతే రెండేళ్లకు మనమే మర్చిపోతాం.

ఇంకో మాట. నిరుడు ధన్యవాదాల జాబితాలో రెండు పేర్లు తప్పిపోయి ఆ కుటుంబాలు నొచ్చుకున్నాయి. అందుకని ఈసారి పేర్లన్నీ హాలు బయట బోర్డు మీద రాయించాం, ఇక్కడ ఎవరి పేరూ వేయడం లేదు. బోర్డు మీద ఎవరి పేరైనా లేకపోతే నాకు చెప్పండి, అప్పటికప్పుడు చేరుస్తాను.

బుడమేరు వచ్చిన వారం

2024 ఆగస్టు 31, శనివారం విజయవాడలో రోజంతా కుండపోత. పటమట వైపు మన వీధుల్లో నిలిచిన నీళ్లు మర్నాటికి తీశాయి. ఆదివారం తెల్లవారేసరికి ఊరికి అటువైపు బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. మూడో వీధిలో నాలుగిళ్లలో పనిచేసే అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసింది. "అమ్మా, ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. పిల్లల్ని పక్కవాళ్ల మేడ మీదికి ఎక్కించాం. ఇవాళ పనికి రాలేనమ్మా" అంది. ఆ నీళ్లలో నిలబడి, రాలేనని చెప్పడానికి ఫోన్ చేసింది. ఆ సంగతి నాకు చెబుతూ ఆ ఇంటావిడ మాట పూర్తి చేయలేకపోయారు. మన కాలనీలో వంటపని, ఇంటిపని చేసేవాళ్లు, పిల్లల్ని బడికి తీసుకెళ్లే ఆటోవాళ్లు, పంపులు బాగుచేసేవాళ్లలో చాలామంది ఉండేది సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీల్లోనే అని ఆ రోజు ఒక్కొక్క ఫోనూ వస్తుంటే తెలిసింది. అన్నేళ్లుగా మన గడప తొక్కుతున్నవాళ్లు ఎక్కడుంటారో మనలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే కాలవ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. కృష్ణ చూస్తే తానే నిండి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వరద పారుతుంటే అది ఇంకో నీటిని ఎక్కడ తీసుకుంటుంది? అందుకే ఊళ్లోకి వచ్చిన నీరు రోజుల తరబడి తీయలేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు తాళం తీసేసరికి మెట్ల మీద ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరూ పిలవలేదు. మన పార్కు మూల కంపోస్టు తొట్టెలు చూసే బృందం వాళ్లు. సాంబారన్నం వండాలా, పులిహోర కలపాలా అని కాసేపు మాటలు నడిచాయి. రెండో వీధి పిన్నిగారు, "పొట్లం వాళ్ల చేతికి ఎప్పుడు అందుతుందో తెలియదు, సాంబారన్నం రాత్రికి పాడవుతుంది, చింతపండు పులిహోరైతే రేపు పొద్దుటికీ ఉంటుంది" అన్నారు. ఆ మాటే ఖాయమైంది. తొలిరోజు 40 కిలోల బియ్యం, 380 పొట్లాలు. గుండిగలు, పొయ్యిలు కల్యాణమండపం వాళ్లు అద్దె లేకుండా ఇచ్చారు. పాలబూత్ కుర్రాడు తన దగ్గరున్న పాలపొడి ప్యాకెట్లన్నీ తెచ్చి బల్లమీద పెట్టి, డబ్బులు తర్వాత చూద్దామన్నాడు. మర్నాడు ఇస్తే అసలు ధర మాత్రమే తీసుకున్నాడు.

తొలిరోజు మా వల్ల ఒక పొరపాటు జరిగింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్లి అక్కడ చేతులు చాచినవాళ్లకే పంచేసి వచ్చాం. ఊళ్లో సగం మంది అక్కడికే తెచ్చి అక్కడే పంచుతున్నారు. లోపలి వీధుల్లో మేడల మీద ఉన్నవాళ్లకు ఏమీ అందడం లేదని మన ప్లంబరు తన అత్తగారింటి నుంచి ఫోన్ చేసి చెబితే తెలిసింది. రెండోరోజు నుంచి అతనే ట్రాక్టరు ముందు కూర్చుని సందు సందుకూ దారి చూపించాడు. అతని సొంత ఇల్లు అప్పటికి నీళ్లలోనే ఉంది. బోర్డు మీద మొదటి పేరు అతనిది పెట్టాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

మొత్తం ఆరు రోజులు వండాం. పొట్లాలతో పాటు నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పసిపిల్లలకు పాలపొడి పంపాం. నెలసరి ప్యాడ్ల సంగతి మగవాళ్లం ఒక్కరం కూడా ఆలోచించలేదు. ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు గుర్తుచేసి, వాళ్లే మందుల షాపులు తిరిగి కొనుక్కొచ్చి, కాగితంలో చుట్టి వేరే సంచిలో పెట్టారు. ఆ పిల్లల తల్లిదండ్రులకు సంఘం తరఫున నమస్కారం.

చవితి పందిరి

ఆ వారంలోనే, సెప్టెంబరు 7న, వినాయక చవితి. అప్పటికి వసూలైన చందా రూ. 1,12,000. ఏటా పెట్టే పదడుగుల విగ్రహానికి బయానా ఇంకా ఇవ్వలేదు. బుధవారం రాత్రి అత్యవసర సమావేశం పెట్టాం. ఆచారం తప్పడం మంచిది కాదని పెద్దలు కొందరు బాధపడ్డారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయడం లేదు. చివరికి మొదటి వీధిలో ఉండే రిటైరైన తెలుగు మాష్టారు, "విఘ్నాలు తీర్చమని అడిగేది ఆయన్నే కదా, ఆయన డబ్బు ఆ పనికే వెళ్తుంది" అన్నారు. అడుగున్నర మట్టి విగ్రహం పెట్టాం. ఐదు రోజులు పూజ చేసి, తొట్టెలోనే నిమజ్జనం చేసి, ఆ మట్టి పార్కు మొక్కలకు వేశాం. పూజకు పోగా మిగిలిన రూ. 97,400 వరద పనికి వాడాం. మైకు లేదు, పందిరి చిన్నది, అయినా ఆ ఏడాది సాయంత్రం హారతికి వచ్చినంతమంది నాకు తెలిసి ఎప్పుడూ రాలేదు.

జీతం సంగతి

ఈ ఏడాది నేను అన్నిటికంటే గర్వపడేది వంటల గురించి కాదు. సెప్టెంబరు 9న సంఘం ఒక కాగితం ఇంటింటికీ ఇచ్చింది. వరద వల్ల పనికి రాలేనివాళ్ల జీతం కోయవద్దని, వీలైతే ఒక నెల అడ్వాన్సు ఇచ్చి నెమ్మదిగా సర్దుకోమని అందులో కోరాం. పనివాళ్లున్న ఇళ్లు మన కాలనీలో 83. అందులో 71 ఇళ్ల వాళ్లు పూర్తి జీతం ఇచ్చామని స్వయంగా చెప్పారు. పింఛను మీద బతికే ఒక దంపతులు జీతంతో పాటు తమ రెండో గ్యాస్ స్టవ్, రెండు పరుపులు ఇచ్చి పంపారు. నీళ్లు తీశాక ఆ ఇళ్లలో పనికొచ్చేది ఏమీ మిగల్లేదు. మిక్సీ, టీవీ, పరుపు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదే.

చేయని పనికి జీతం ఎందుకని కొందరు నన్ను అడిగారు. అడగడం తప్పు కాదు, అందుకే ఇక్కడ జవాబు చెబుతున్నాను. మనం తిరుపతి వెళ్లి ఇంటికి తాళం వేసినప్పుడు వాళ్లు రాని రోజులకు జీతం ఇస్తున్నాం కదా. మన సౌకర్యానికి రాకపోతే ఇచ్చే జీతం, వాళ్ల కష్టానికి రాకపోతే ఎందుకు ఆగాలి?

పిల్లల పుస్తకాలు తడిసిపోయాయని తెలిసి నోటుపుస్తకాలు సేకరించాం. ఇచ్చి పంపేస్తే సరిపోయేది. కానీ నాలుగో వీధి ఆడవాళ్లు రెండు సాయంత్రాలు కూర్చుని ప్రతి పుస్తకానికి అట్ట వేసి, లేబుల్ అంటించి, పిల్లవాడి పేరు, తరగతి అందంగా రాసి మరీ పంపారు. తన పేరున్న పుస్తకం చూసుకుని ఒక మూడో తరగతి పాప దాన్ని సంచిలో పెట్టకుండా గుండెకు హత్తుకునే ఇంటికి వెళ్లిందని తీసుకెళ్లినవాళ్లు చెప్పారు.

చెత్త, దోమలు, మోటార్లు

తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకర చెత్త వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది. మన 118 ఇళ్లలో ఈ ఏడాది చివరికి రోజూ వేరుచేసి ఇచ్చేవి 64 అయ్యాయి. నిరుడు 41. పెరిగినందుకు సంతోషమే, కానీ మిగతా ఇళ్ల సంగతి చెప్పక తప్పదు. జనవరిలో చెత్త బండి మీద వచ్చే అమ్మ చేతికి పగిలిన గాజు గీసుకుని నాలుగు కుట్లు పడ్డాయి. ఆ గ్లాసు ఏ ఇంటిదో కనిపెట్టాలని నేను అనుకోలేదు. గాజుముక్కల్ని పాత పేపర్లో చుట్టి, మీద ఎర్ర పెన్నుతో గీటు పెట్టడానికి పట్టేది అరనిమిషం. పసిపిల్లల డైపర్లకూ ఇదే మాట. దయచేసి ఈ ఒక్కటీ చేయండి.

మనం వేరుచేసి ఇచ్చినదాన్ని బండిలోకి ఎత్తేటప్పుడు మళ్లీ కలిపేస్తున్నారు. దీని మీద సంబంధిత అధికారులకు ఐదు అర్జీలు ఇచ్చాం, రెండుసార్లు స్వయంగా వెళ్లాం. ఒకసారి మూడు గంటలు కూర్చోబెట్టి, సారు మీటింగులో ఉన్నారని పంపేశారు. ఇప్పటికీ రాతపూర్వకంగా జవాబు లేదు. ఎలాగూ కలిపేస్తారు కదా అని వేరుచేయడం మానేసిన ఇళ్లున్నాయి. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. కానీ తడి చెత్త మన పార్కు తొట్టెల్లోకి వస్తే ఏ బండితోనూ పని లేదు. అన్నం, కూర ఎక్కువగా వేయకుండా కూరగాయల తొక్కలు, టీపొడి వేసి, పైన ఎండుటాకులు కప్పి, పుల్లమజ్జిగ చల్లితే రెండు నెలల్లో ఎరువు అవుతోంది, వాసన లేదు.

శుక్రవారం డ్రైడే (దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు పారబోసే రోజు) అక్టోబరు నుంచి వారం తప్పకుండా జరుగుతోంది. డెంగీ దోమ ఎక్కువగా నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది కాబట్టి ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, పూలకుండీ పళ్లేలు వారానికోసారి పారబోయాలి. రక్తదాన శిబిరం రిపబ్లిక్ డే నాడు జరిగింది, వచ్చినవాళ్లకు ధన్యవాదాలు. ట్యాంకు నిండి పొర్లుతున్న మోటార్ల గురించి ఎన్నిసార్లు చెప్పాలో తెలియడం లేదు.

స్వచ్ఛంద సేవకుల జాబితాలో 32 పేర్లున్నాయి. ఏడాదంతా పనికి వచ్చినవాళ్లు తొమ్మిది మంది. వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్లకు కొదవ లేదు, గుండిగ ఎత్తడానికి మాత్రం అరవై ఏళ్లు దాటినవాళ్లే వచ్చారు. ఇంకొకటి గమనించాను. వరద వారంలో పిలవకుండానే వచ్చినవాళ్ల పేర్లు, రోజూ చెత్త వేరుచేసే ఇళ్ల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే మూడొంతులు ఒకటే. అది యాదృచ్ఛికం అని నేను అనుకోవడం లేదు. తొక్కలు ఏ బుట్టలో వేస్తున్నామని రోజూ చూసుకునే మనిషికి, ఎత్తేవాళ్ల చెయ్యి రోజూ గుర్తొస్తుంది. పొట్లాలు కట్టడానికి ఆ మనిషిని ప్రత్యేకంగా పిలవనక్కర్లేదు.

లెక్కలు

వరద, చవితి ఖాతాలు కలిపి ఏడాది ఆదాయం రూ. 4,86,200. ఖర్చు రూ. 4,61,750. నిల్వ రూ. 24,450. వివరాలు ఆడిటర్ సంతకంతో హాలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. వార్షిక చందా బాకీ ఉన్న 17 ఇళ్ల వాళ్లు ఈ నెలాఖరులోగా కట్టాలని మనవి.

ధన్యవాదాలు, మనవులు

హాలుకు కరెంటు బిల్లు కట్టిన దాతకు, ఆరు రోజులూ అడుగంటకుండా వండిన వంటమేస్త్రికి, ట్రాక్టరు డీజిల్ ఖర్చు పెట్టుకున్న రైతుకు, సిబ్బందికి సెలవులిచ్చి పంపిన దుకాణదారులకు, రాత్రిళ్లు గిన్నెలు కడిగిన ముగ్గురు డిగ్రీ కుర్రాళ్లకు, నన్ను ఇంటికి రమ్మని ఒక్కసారి కూడా కోప్పడని నా భార్యకు కృతజ్ఞతలు. మా కోశాధికారి ఆరోగ్యం బాగోలేక తప్పుకుంటున్నారు. పదకొండేళ్లు పైసా తేడా రాకుండా చూశారు. ఆ బాధ్యత తీసుకునేవారు ఈరోజే పేరు ఇవ్వాలి. డ్రైడే పని చూడటానికి వీధికి ఇద్దరు కావాలి, వారానికి గంట చాలు.

కంపోస్టు తొట్టెలు రెండు నిండాయి. సమావేశం అయ్యాక ఇంటికి రెండు కిలోల చొప్పున ఎరువు ఇస్తాం. ప్లాస్టిక్ కవర్లు ఇవ్వం కాబట్టి గుడ్డసంచి తెచ్చుకోండి. ఫోన్ చేసిన ఆ అమ్మాయి కొత్త ఇంటి మేడమీద తులసి కుండీ పెట్టుకుందట, మొదటి రెండు కిలోలు ఆమెకు పక్కన పెట్టాం.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ, 13 ఏప్రిల్ 2025