క్సియాన్ కాదు, శీఆన్

సంపాదకులకు,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో చైనా మట్టి సైనికుల మీద వ్యాసం వచ్చింది. బొమ్మలు బాగున్నాయి. కానీ ఊరి పేరు ‘క్సియాన్’ అట, చక్రవర్తి పేరు ‘క్విన్’ అట. అదే రోజు మొదటి పేజీలో చైనా అధ్యక్షుడు ‘షీ’, లోపలి పేజీలో ‘జీ’. ఒకే మనిషికి ఒకే పూట రెండు ఇంటిపేర్లా? అప్పుడే రాద్దామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నాను. నిన్న మళ్లీ ‘క్సియాన్’ కనబడింది. ఇక నా వల్ల కాలేదు.

మా అమ్మాయి ఎంబీబీఎస్ చదివింది ఆ ఊళ్లోనే. సీటు ఇప్పించిన ఏజెంటు కూడా ‘క్సియాన్’ అనే అన్నాడు. 2017లో మా అమ్మాయిని చూడటానికి వెళ్లి, బీజింగ్ స్టేషన్ కౌంటర్ దగ్గర ‘క్సియాన్, క్సియాన్’ అని గొంతు చించుకున్నాను. లోపలున్న పిల్ల బిత్తరచూపులు చూస్తోంది, నా వెనక లైను పెరిగిపోతోంది, నాకేమో టెన్షన్. చివరికి మా అమ్మాయి ఫోన్‌లో ‘శీ... ఆన్’ అని రెండు ముక్కలుగా చెబితే టికెట్ చేతికొచ్చింది.

1958లో చైనావాళ్లు తమ మాటల్ని రోమన్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతి తెచ్చుకున్నది తమ పిల్లల చదువుకు, ఇంగ్లీషువాళ్ల సౌకర్యానికి కాదు. అందులో ఎక్స్ అంటే దాదాపు మన శ, ఎస్‌హెచ్ అంటే ష, క్యూ అంటే ఛ. శ, ష తేడా తెలియని ఇంగ్లీషువాడు తికమకపడ్డాడంటే అర్థముంది. రెండు అక్షరాలూ ఉన్న మనకేమొచ్చింది? మీ ‘క్విన్’ అసలు ‘ఛిన్’. చీనా అనే పేరు ఆ చక్రవర్తి ఏలిన ఛిన్ రాజ్యం నుంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. ‘క్విన్’ అని అచ్చేశాక ఆ చుట్టరికం ఎవడికి కనబడుతుంది?

2014లో దూరదర్శన్‌లో వార్తలు చదివే ఒకావిడ ‘షీ’ ఇంగ్లీషు స్పెల్లింగు ఎక్స్, ఐని రోమన్ అంకె అనుకుని ‘ఎలెవన్ జిన్‌పింగ్’ అని చదివితే ఉద్యోగమే ఊడింది. పాపం, ఆమె ఒక్కసారే చదివింది.

శీఆన్‌లో అడవి బాతు పేరున్న గోపురం ఒకటుంది. 645లో మన దేశం నుంచి తిరిగొచ్చిన బౌద్ధ యాత్రికుడు తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టారు. ఎదురుగా ఆయన విగ్రహం. నేను బళ్లో చదువుకున్న ‘హ్యూయన్ త్సాంగ్’ పేరు చెప్పి అక్కడి గైడును ఏదో అడిగాను. ఎవరాయన అన్నాడు, విగ్రహం కిందే నిలబడి! వాళ్లకాయన ‘శ్వెన్‌ౘాంగ్’. పిన్‌యిన్‌లో దాన్ని జెడ్‌తో రాస్తారు. మనం చలి, చాప అనేటప్పుడు పలికే ౘ అచ్చంగా అదే. పాత నిఘంటువుల్లో చ నెత్తిన చిన్న గుర్తు పెట్టి వేసేవారు. ఆ మహానుభావుడు మన ఆంధ్ర పేరును తన లిపిలో ‘ఆన్‌తాలో’ అని ఎలాగో ఇరికించి రాసుకుపోయాడు. మనకు సరైన అక్షరం ఉండీ ఆయన పేరు రాయలేం.

ఆ మాటకొస్తే మన పేర్లు మాత్రం రాయగలుగుతున్నామా? మొన్న రోడ్డు మీద కొత్త బోర్డు చూశాను. దుగ్గిరాలను ముందు ఇంగ్లీషులోకి ఎక్కించి, అక్కణ్నుంచి తెలుగులోకి దించినట్టున్నారు, ‘డుగ్గిరాల’ అయింది. అడిగితే అది మా పరిధి కాదన్నారు. మరి ఎవరి పరిధి? పెయింటరుదా?

‘బీజింగ్’ను మార్చమని నేను అనను. వాళ్ల నోట అది ‘పెయ్‌చింగ్’కు దగ్గరగా ఉంటుంది కానీ, మనకు అలవాటైపోయింది. కనీసం ఎక్స్, క్యూ, జెడ్‌లకు ఏ తెలుగు అక్షరం వాడాలో ఒక్క కాగితం మీద రాసి మీ డెస్క్ గోడకు అంటించండి. ఈ ఉత్తరం సగం కోసి వేసినా అభ్యంతరం లేదు. ౘ మీది గుర్తును మాత్రం కోయకండి.

— ఒక పాత చందాదారుడు, తెనాలి