హుద్‌హుద్ మర్నాడు దారి చేసిన అన్నకు

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసింది. మర్నాడు పొద్దున్నే మా ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు. మద్దిలపాలెం నుంచి కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లాలి. రోడ్డు నిండా కూలిన చెట్లే. ఆటో ఆగినప్పుడల్లా టెన్షన్‌తో నా చేతులు వణికిపోయేవి.

అప్పుడొచ్చారు మీరు. భుజాన గొడ్డలి, తడిసిన లుంగీ. "కంగారు పడకు తమ్ముడూ" అంటూ కొమ్మలు నరుకుతూ ఆటో ముందు నడిచారు. అరచేతుల్లో బొబ్బలు చిట్లి గొడ్డలి కర్రంతా ఎర్రబడింది. అది ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. గేటు దగ్గర మా అమ్మ మంచినీళ్లు ఇవ్వబోతే, "పాపకు ఉంచండమ్మా" అన్నారు. పాపే పుట్టింది.

మీ పేరు అడగలేదు, అదే నా బాధ. ప్రతి పుట్టినరోజుకీ పాప మీ కథే చెప్పించుకుంటుంది. అన్నా, ఎక్కడున్నా ఒక్కసారి మా ఇంటికి భోజనానికి రండి.